ఆటో హబ్బులు తీసి మాన్యువల్ వేస్తున్నాం, ముందు మా తప్పులు చెప్తా

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో మన షెడ్డుకి వచ్చే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) బండ్ల వాళ్లందరికీ ఈ మెసేజ్, ముఖ్యంగా పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి సైడ్ తిప్పేవాళ్లకి. ముందు చక్రాల్లో దానంతటదే పట్టుకునే ఆటో హబ్బు తీసి, చేత్తో డయల్ తిప్పి లాక్ చేసే మాన్యువల్ హబ్బు వేయడం గురించి. కొంచెం పెద్దదే, టీ తాగుతూ చదువుకోండి.

ఇన్నాళ్లూ ఎవరైనా "అన్నా, ముందు చక్రాలు లాగట్లేదు" అని వస్తే నేను ఆటో హబ్బు విప్పి, డీజిల్లో కడిగి, స్ప్రింగు మార్చి, కొత్త గ్రీజు రాసి పంపేవాడిని. కొందరికి అదే పని మూడుసార్లు చేశాను, మూడుసార్లూ డబ్బులు తీసుకున్నాను కూడా. రెండోసారి వచ్చినప్పుడే మాన్యువల్ వేసేసుకోండి అని చెప్పాల్సింది. చెప్పలేదు, ఎందుకంటే నాకే అంత నమ్మకం కుదరలేదు, పైగా బండితో పాటు వచ్చిన సామాను తీసి పక్కన పెట్టాలంటే చెయ్యి రాదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. టూ వీల్‌లో, అంటే వెనక చక్రాలే లాగుతూ నడుస్తున్నప్పుడు ముందు చక్రం దాని పాటికి అది తిరగాలి, లోపల యాక్సిల్, డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్లు), దానికి ఆ బలం మోసుకొచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊరికే తిరిగి అరగకూడదు, అందుకే చక్రానికీ యాక్సిల్‌కీ మధ్య ఈ హబ్బు. ఆటోలో లివర్ ఫోర్ వీల్‌లో వేసి కదిపితే యాక్సిల్ తిరిగి, లోపలున్న క్యామ్ రింగుని తోసి, చక్రంతో కలుపుతుంది. విడిపోవాలంటే టూ వీల్‌లో వేసి కాస్త రివర్స్ రావాలి. కొత్తలో బాగానే ఉంటుంది. గ్రీజు గట్టిపడినా, స్ప్రింగు నీరసపడినా, నీళ్లు పోయినా మొదలవుతుంది అసలు కథ.

రెండు హబ్బుల్లో ఒక్కటి పట్టకపోయినా ముందు పవర్ మొత్తం పోయినట్టే. సగం లాగుతుందిలే అనుకుంటారు చాలామంది, లాగదు. మామూలు డిఫరెన్షియల్ ఎటు తేలిగ్గా ఉంటే అటే తిప్పుతుంది కాబట్టి, పట్టని వైపు షాఫ్ట్ ఖాళీగా గిరగిరా తిరుగుతుంది, పట్టిన చక్రం అలా చూస్తూ ఉంటుంది. డాష్‌బోర్డులో ఫోర్ వీల్ లైట్ మాత్రం చక్కగా వెలుగుతుంది, ఎందుకంటే చాలా బండ్లలో ఆ లైటుకి హబ్బు సంగతి తెలీదు. పోయిన వానాకాలం వంజంగి మట్టిరోడ్డులో ఒక తమ్ముడి బండి ఇలాగే దిగబడితే, ముందుకీ వెనక్కీ ఊపి తీద్దామని చూశాడు. దిక్కు మారినప్పుడల్లా ఆటో హబ్బు వదిలేసి మళ్లీ పట్టుకుంటుంది, పట్టుకున్న ప్రతిసారీ టక్కున దెబ్బ. నాలుగోసారికి క్యామ్ పగిలింది. ఆ ముక్కలు ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉన్నాయి, ఎవరైనా అడిగితే అవే చూపిస్తున్నా.

సరే, మాన్యువల్ వేయడం మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు బండ్లు అయ్యాయి. అందులో మూడింటికి పని మేం సరిగ్గా చేయలేదు.

మొదటిది చింతపల్లి నుంచి కాఫీ బస్తాలు మోసే పికప్పు. ఆటో హబ్బు ఉన్నచోట చక్రం బేరింగ్‌ని బిగించి పట్టుకునే లాక్ నట్టు వేరేగా ఉంటుంది, ఆ క్యామ్ దాని మీదే కూర్చుంటుంది. మాన్యువల్‌కి వేరే నట్టు, వేరే వాషరు వేయాలి. ఆ రోజు సెట్లో నట్లు రాలేదు, బండి అర్జెంటు అన్నారు, నేను పాతదే బిగించి పంపేశా. వారం తిరక్కుండా స్టీరింగ్ ఊగుతోందని ఫోను. జాకీ ఎత్తి టైరు పైనా కిందా పట్టుకుని ఊపితే చేతికి తెలిసిపోయింది, బేరింగ్ లూజు. ఘాట్‌లో దిగుతున్నప్పుడు అయ్యుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బేరింగులు, నట్లు, కూలీ అన్నీ మా ఖర్చే. ఇక నుంచి నట్ల సెట్టు చేతిలో లేకపోతే బండి విప్పను, తిట్టినా సరే.

మిగతా రెండూ గ్రీజు గొడవ. మా కుర్రాడు ప్రేమగా హబ్బు నిండా లడ్డూలాగా గ్రీజు కూరేశాడు, నేను చూసుకోలేదు. దీనికి పల్చగా పూత చాలు. డిసెంబర్లో లంబసింగి చలికి తెల్లారి నాలుగింటికి ఆ గ్రీజు గడ్డకట్టి డయల్ తిరగలేదు, అక్కడి తమ్ముడు ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే డయల్ చెవి విరిగింది. "ఏటన్నా ఇది, ఆటోయే నయం" అని అక్కణ్ణుంచే ఫోన్. ఆయన తిట్టింది న్యాయమే.

అందరూ మార్చుకోవాలా అంటే అక్కర్లేదు. విశాఖ, అనకాపల్లి మధ్య తార్రోడ్డు మీద తిరుగుతూ ఏడాదికోసారి ఫోర్ వీల్ వేసేవాళ్లు ఉన్న ఆటోనే శుభ్రం చేయించుకోండి, డబ్బులు దండగ. దిగి తిప్పే ఓపిక లేనివాళ్లకి కూడా వద్దు, వానలో బురదలో మోకాలు ఆనించి రెండు వైపులా తిప్పాలి మరి. వాక్యూమ్‌తో, అంటే పైపుల్లోంచి గాలి లాగితే పనిచేసే హబ్బులైతే ఆ పైపులు కూడా మూయాలి, పని కొంచెం ఎక్కువ. మీ యాక్సిల్ స్ప్లైన్లు (చివర ఉండే పళ్లు) లెక్కపెట్టకుండా ఆన్‌లైన్లో సెట్ కొనేసి తీసుకురాకండి బాబూ, అలాంటివి రెండు మా అలమరలో పడున్నాయి.

వేయించుకున్నవాళ్లకి, మట్టిరోడ్డు మొదలవ్వకముందే ఆగి రెండు డయళ్లూ లాక్‌లో పెట్టేయండి, చేత్తోనే, తిరక్కపోతే బండి ఒక అడుగు ముందుకో వెనక్కో కదిపి మళ్లీ చూడండి, ఇక రోజంతా అలాగే వదిలేయొచ్చు, లాక్‌లో ఉంచి టూ వీల్‌లో తార్రోడ్డు మీద నడిపినా ఏమీ కాదు, కాస్త చప్పుడు, కాస్త డీజిల్ అంతే. ఎండిన తార్రోడ్డు మీద లివర్ మాత్రం ఫోర్ వీల్‌లో వేయొద్దు. ఒకటి ఫ్రీ, ఒకటి లాక్ పెట్టి "లాగట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లు రోజుకొకరు ఉంటున్నారు, అందుకే డయల్ మీద తెల్ల పెయింటుతో గీత గీస్తున్నాం, దూరం నుంచే కనిపిస్తుంది. వాడకపోయినా నెలకోసారి లాక్ చేసి కొంత దూరం నడిపితే ముందు యాక్సిల్ లోపల ఆయిల్ తిరుగుతుంది.

మన దగ్గర వేయించుకున్న పదకొండు బండ్లూ ఒకసారి తెచ్చి చూపించండి, విప్పి నట్టూ గ్రీజూ చూసి ఇస్తాం, రూపాయి వద్దు. పొద్దున్నే వస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది. మీ పాత ఆటో హబ్బులు మీవే, బండి అమ్మేటప్పుడు అడుగుతారు, పారేయకండి.

లంబసింగి తమ్ముడూ, నీ డయల్ వచ్చింది, టేబుల్ సొరుగులో పెట్టాను. వచ్చేటప్పుడు ఆ కటింగ్ ప్లేయర్ మాత్రం తేకు.