వ్యాను టాపు ఎత్తు పెంచుకోవడానికి దారి చూపండి

అయ్యా,

మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేని అమ్మను అరుణాచలం, శ్రీశైలం తిప్పుకురావాలని గత ఏడాది ఒక పాత వ్యాను కొన్నాను. రోడ్డు మీది నుంచి టాపు దాకా ఆరడుగులే. మంచం, చిన్న పొయ్యి అమర్చుకున్నా లోపల నిటారుగా నిలబడే వీలు లేదు. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకోవాలన్నా బండి దిగాల్సిందే. అందుకే టాపు కోయించి, ఫైబర్‌తో ఎత్తుగా కట్టించుకుందామనుకున్నాను.

అప్పటికే అలా మార్చిన ఒక వ్యానును షెడ్డులో దగ్గర నుంచి చూశాక భయం వేసింది. రేకుతో పాటు దాని కింది అడ్డుపట్టీలను కూడా గ్రైండరుతో కోసేశారు. రెండు పక్కల గోడలనూ పట్టి ఉంచేవి ఆ పట్టీలే. వాటికి బదులుగా ఇనుప చట్రం వేయలేదు. ఫైబర్ టాపును రివెట్లతో బిగించి, అంచుల్లో సిలికాన్ పూసి వదిలేశారు. ఆ బండి బోల్తా పడితే లోపలివారి గతి ఏమిటి?

సరైన పద్ధతి చెప్పమని రవాణా కార్యాలయానికి వెళితే, కుదరదన్న మాట తప్ప మరేమీ చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను కట్టడి చేస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. నేను చూసిన వ్యాను తలుచుకుంటే ఆ కట్టడి న్యాయమే. కానీ సీఎన్‌జీ కిట్ పెట్టించుకునేవారికి ఆమోదించిన కిట్, తనిఖీ, ఆర్‌సీలో నమోదు అంటూ ఒక దారి ఉంది. టాపుకు మాత్రం ఎందుకు ఉండకూడదు? కారవాన్లకు, అంటే లోపలే ఉండి పడుకునే వసతి గల బండ్లకు, ఏఐఎస్-124 అనే వాహన ప్రమాణం ఉన్నా, ఒక్క పాత బండి కోసం ఆ పరీక్షలన్నీ చేయించడం సామాన్యుడి వల్ల కాదు. జర్మనీలో సొంతంగా మార్చుకున్న బండినైనా గుర్తింపు పొందిన ఇంజినీరు పరీక్షించి, సరిగా ఉంటే పత్రాల్లో నమోదు చేయిస్తారు.

మన రాష్ట్ర రవాణా శాఖ ఈ విషయాన్ని కేంద్రం దృష్టికి తీసుకెళ్లాలి. చట్రం ఎలా ఉండాలో, ఎంత ఎత్తు వరకు పెంచవచ్చో ముందే ప్రకటించాలి. రుసుము తీసుకోండి, కడతాం. తనిఖీ మాత్రం రెండుసార్లు జరగాలి: చట్రం వెల్డింగ్ పూర్తయ్యాక ఒకసారి, పనంతా ముగిశాక మరోసారి. పైన ఫైబర్ మూసేశాక లోపలి అతుకులు ఎవరి కంటికీ కనిపించవు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు