112 బై 2 అనే ఫైలు

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో ఒక ఊళ్లో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. పాత కంప్యూటర్లు కాబట్టి వాటిలో విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్ వేసుకున్నాను. డ్రెయిన్ పొంగి సార్వా (ఖరీఫ్) వరి మునిగినప్పుడు, రైతుల కాగితాలు స్కాన్ చేసి ఒక కార్యాలయానికి ఇచ్చే పని నా మీద పడింది.

మన పొలాల సర్వే నంబర్లు 112/2, 112/3బి ఇలా ఉంటాయి. రైతు తన ఫైలుకు అదే పేరు పెట్టమంటాడు. ఆ బై గుర్తును విండోస్ ఒప్పుకోదు, లైనక్సూ ఒప్పుకోదు. బదులుగా నేను కోలన్ పెట్టాను. ఉబుంటు ఏమీ అనలేదు, హార్డ్ డిస్క్‌లోకి కూడా ఎక్కాయి. ఆఫీసు విండోస్‌లో మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, నిలువు గీత లాంటివి అక్కడ ఫైలు పేర్లలో చెల్లవు.

పేర్లన్నీ మార్చి మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఒకే చేనుకు భూయజమాని ఫైలు, కౌలు రైతు ఫైలు రెండూ ఉన్నాయి. పేరు ఒకటే, ఒకదానిలో ఇంగ్లిష్ ‘ఎ’ పెద్దబడి (క్యాపిటల్), రెండోదానిలో చిన్నబడి (స్మాల్). లైనక్స్‌కు అవి రెండు ఫైళ్లు, విండోస్‌కు మామూలుగా ఒకటే. ‘రీప్లేస్ చేయాలా’ అని అడిగితే ఆపరేటర్ సరే నొక్కాడు. కౌలు రైతు కాగితాలు పోయాయి. పనికి నాగా పెట్టి, లంక నుంచి పంటు ఎక్కి ఆయన మళ్లీ రావాల్సి వచ్చింది. పేరు పెట్టింది నేను, తిరిగింది ఆయన.

పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే పెట్టమంటే పోతుంది కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. విండోస్, లైనక్స్, మ్యాక్ మూడూ తెలుగు పేర్లను తీసుకుంటాయి. లెక్క తెలిస్తే చాలు. లైనక్స్‌లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్లు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు తలా 3 బైట్లు. ‘సర్వే’ అన్న చిన్న మాటకే 15 అయిపోతాయి. పేరు పొట్టిగా ఉంటే తెలుగుకు ఏ అడ్డూ లేదు.

ఇంకొకటి, స్కానర్లు. పాతవి చాలావరకు ఎస్‌ఎంబీ అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి మొదటి వెర్షన్ మీదే నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకి ఫైళ్లు పంపుతాయి. 2017 చివరి నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే విండోస్ 10లో అలా ఫైళ్లు అందుకునే భాగం డిఫాల్ట్‌గా ఉండదు. లైనక్స్ వైపు అదే పని చేసే సాంబా అనే సాఫ్ట్‌వేర్ కూడా 2019లో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. స్కానర్ మొరాయిస్తే మెకానిక్ వచ్చి ఆ పాత వెర్షన్‌నే ఆన్ చేసి వెళ్తాడు. 2017 మేలో వానాక్రై వైరస్ పాకింది ఆ దారినే. రైతుల ఆధార్, పాస్‌బుక్ కాపీలున్న కంప్యూటర్లలో దాన్ని ఆన్ చేయొద్దని చెప్పండి. స్కానర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) దొరక్కపోతే పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసుకోవచ్చు.

నేను అడిగేది ఒక్క పేజీ ఉత్తర్వు. బై బదులు చిన్న అడ్డగీత, తేదీ రాసేటప్పుడు సంవత్సరం మొదట రావడం, పెద్దబడి చిన్నబడి తేడాతో రెండు పేర్లు పెట్టకపోవడం, రైతుకూ కౌలుదారుకూ విడి పేర్లు. సార్వా నాట్లు పడేలోపు అది మా గ్రామ సచివాలయానికి చేరేలా చూడండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు