దిగులుకు ఒక వేళ

బోస్టన్

ప్రియమైన అక్కకు,

అందరూ క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి మొదలైంది, నువ్వు పంపిన శాలువా పెట్టెలోంచి బయటికి వచ్చింది.

మొన్న ఫోనులో అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేదు. నువ్వు నన్ను వరుసగా రెండు వాక్యాలు పూర్తి చేయనిస్తేగా! అందుకే ఈ ఉత్తరం. “కళ్లు మూసుకుని ఊపిరి గమనించడం నేర్చుకోవడానికి అమెరికా దాకా పోవాలా, తాతగారు వసారాలో కూర్చుని రోజూ చేసిందేగా” అన్నావు. మాట న్యాయమైనదే. ఇక్కడివాళ్లు మైండ్‌ఫుల్‌నెస్ అనే సాధనకు మూలం బౌద్ధ ధ్యానమే. 1979లో ఇదే రాష్ట్రంలోని వూస్టర్‌లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, మందులతో తగ్గని నొప్పులతో బాధపడేవాళ్లకు కొన్ని వారాల శిక్షణగా దాన్ని మలిచి ఆసుపత్రిలోకి తెచ్చాడు. అయితే తాతగారు కూర్చున్నది దేవుడి కోసం. నేను చదువుతున్నది నీలాంటివాళ్ల కోసం. కోప్పడకు, చెప్పేది విను.

ఈ సెమిస్టరులో మేము ఎక్కువగా చదువుతున్నది లిజబెత్ రోమర్ పరిశోధన. ఆమె బోస్టన్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. సఫోక్ విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ ఒర్సిల్లోతో కలిసి, అన్నిటి గురించీ నెలల తరబడి ఆగకుండా దిగులుపడేవాళ్లకు ఒక చికిత్స తయారుచేసింది. రోమర్ శిష్యరికం చేసింది పెన్సిల్వేనియాలో థామస్ బోర్కోవెక్ దగ్గర. ఆయన చెప్పిన ఒక సంగతి దగ్గరే నువ్వు నాకు గుర్తొచ్చావు.

చిన్నా కాలేజీ బస్సు పావుగంట ఆలస్యమైతే నువ్వేం చేస్తావు? గేటు దగ్గర నిలబడి, చెప్పులు కూడా వేసుకోకుండా, “టైరు పేలిందేమో, ఫోనులో చార్జింగ్ అయిపోయిందేమో, పక్కింటివాళ్ల అబ్బాయికి చేస్తేనో, బావగారిని బండి తీయమంటేనో” అని లోపల ఒకటే మాటలు. బోర్కోవెక్ గమనించింది ఇదే: దిగులు ఎక్కువగా బొమ్మల్లో కాదు, మాటల్లో నడుస్తుంది. నలుగురిలో మాట్లాడాలంటే భయపడేవాళ్లతో 1990లో ఆయన ఒక ప్రయోగం చేశాడు. భయపెట్టే దృశ్యాన్ని ఊహించుకునే ముందు కాసేపు దిగులుపడినవాళ్లకు, ఆ దృశ్యం ఊహించుకున్నప్పుడు గుండె అంతగా వేగం పుంజుకోలేదు. అంటే ఆ మాటల గోల అసలు భయాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. అందుకే దాన్ని వదలబుద్ధి కాదు. పైగా బస్సు ఎలాగూ వస్తుంది. అప్పుడు ఆ పుణ్యమంతా మన దిగులు ఖాతాలో పడుతుంది. “నేను దిగులుపడకపోతే ఈ ఇంట్లో ఎవరు పడతారు” అంటావు చూడు, అదే.

రోమర్ వాళ్ల చికిత్సలో ఊపిరి గమనించడం ఆరంభం మాత్రమే. తర్వాత చెవిన పడే చప్పుళ్లు, ఆ తర్వాత అంట్లు తోమడం, నడవడం. చేస్తున్న పని మధ్యలో దిగులు వస్తే దాన్ని తరిమేయకుండా, దానితో వాదనకు దిగకుండా “వచ్చింది” అని చూడటం. రెండో సగం నాకు ఇంకా నచ్చింది. ఇంటివాళ్లతో, పనిలో, తన కోసం తాను ఎలా బతకాలనుకుంటున్నారో వాళ్లచేత రాయిస్తారు. దిగులు ఉండగానే ఆ పనులు చేయిస్తారు. మనసు నెమ్మదించాక సంగీతం క్లాసుకు వెళ్తానని నువ్వు ఎన్నాళ్లుగా అంటున్నావు? వీళ్లయితే గుండె దడదడలాడుతుండగానే వెళ్లమంటారు.

ఫలితాల సంగతి. 2008లో 31 మందితో చేసిన మొదటి పరీక్షలో, చికిత్స కోసం వేచి ఉన్నవాళ్లకంటే అందుకున్నవాళ్లు స్పష్టంగా మెరుగయ్యారు. 2013లో 81 మందితో చేసిన పరీక్షలో పోటీగా పెట్టింది కండరాలు బిగించి వదిలే శిక్షణను, మన శవాసనానికి దూరపు చుట్టం లాంటిదాన్ని. రెండు పద్ధతుల్లోనూ జనం దాదాపు సమానంగా బాగుపడ్డారు. తమ పద్ధతి గెలవలేదని వాళ్లు దాచకుండా రాసుకున్నారు, నాకు వాళ్ల మీద గురి కుదిరింది అక్కడే. కాబట్టి ధ్యానం ఒక్కటే దారి అని ఎవరైనా యూట్యూబులో చెబితే నమ్మకు.

మాత్రల విషయం కూడా అడిగావు. 2022లో వచ్చిన ఒక పరీక్షలో 276 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కబాట్-జిన్ ఎనిమిది వారాల శిక్షణ, ఇంకో జట్టుకు దిగులు తగ్గడానికి వాడే ఎస్సిటాలోప్రామ్ మాత్ర ఇచ్చారు. శిక్షణ మాత్రకు తీసిపోలేదు. దాని అర్థం నువ్వు మాత్రలు మానేయమని కాదు. డాక్టరును అడగకుండా ఒక్కటి కూడా ఆపకు. దడ, చేతుల వణుకు అన్నావు కాబట్టి థైరాయిడ్ పరీక్ష ముందు చేయించుకో. అది ఎక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది. కళ్లు మూసుకుని కూర్చుంటే గాభరా ఇంకా పెరిగేవాళ్లూ ఉన్నారు. అలా అయితే కళ్లు తెరిచి లేచి వెళ్లి మొక్కలకు నీళ్లు పోసుకో, బలవంతంగా కూర్చోవద్దు.

ఈలోగా బోర్కోవెక్ 1983లో పరీక్షించిన చిట్కా ఒకటి ప్రయత్నించు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట అరగంట దిగులుపడటానికి కేటాయించు. మిగతా పొద్దంతా దిగులు రాగానే పుస్తకంలో ఒక్క ముక్క రాసి “సాయంత్రం చూద్దాం” అని పనిలో పడు. పడుకునే ముందు మాత్రం పెట్టుకోకు. మంచం మీదా వద్దు. వెనక వరండాలో ఆ విరిగిన చేతి కుర్చీ ఉందిగా, అది చాలు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు చెయ్యి, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నాతో చెప్పలేనివి వాళ్లకు చెప్పు, నేనేమీ అనుకోను.

బావగారికి నమస్కారాలు. చిన్నాను బస్సెక్కగానే నీకు మెసేజ్ పెట్టమని నేను చెప్పను, నువ్వూ అడగకు. పరీక్ష రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు. ఆవకాయ పార్సిల్ నిన్న అందింది, నూనె బొట్టు కూడా కారలేదు. పుస్తకంలో ఆ ముక్క రాసి ఉంటే కొట్టేయ్.

నీ చెల్లెలు