తప్పు లెక్కకు ఎర్ర టిక్కు

విజయనగరం జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

మా పాప నగరంలోని ఒక ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది. మొన్న రాత్రి లెక్కల పుస్తకం తిరగేశాను. 305లోంచి 128 తీసివేస్తే 223 అని రాసింది. పక్కన ఎర్ర సిరాతో టిక్కు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసేసింది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని తనకు తెలియదు.

ఇది టీచరు గారి మీద ఫిర్యాదు కాదు. మరునాడు వెళ్లి చూస్తే, ఒకే గదిలో మూడు తరగతులు. ఆమె ఒక చేత్తో ఫోనులో భోజనాల వివరాలు ఎక్కిస్తూ, రెండో చేత్తో పుస్తకాలు దిద్దుతున్నారు. అలా దిద్దితే తప్పు ఎవరి కంటికి కనిపిస్తుంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలకు తప్ప ఉపాధ్యాయులను బోధనేతర పనులకు పంపకూడదు. అదే చట్టం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలంటోంది. అంటే నిబంధన పాటించినా ఐదు తరగతులకు ఇద్దరే! గురజాడ పాఠాలు చెప్పిన ఊరికి ఇది చాలదండీ. తరగతికొక ఉపాధ్యాయుడిని ఇప్పించండి. ఫోను పని మరొకరికి అప్పగించండి. శిక్షణ తరగతుల్లో ఇలాంటి పుస్తకాలే ముందు పెట్టుకుని, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చర్చించేలా చూడండి.

బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులమే. సమావేశం పగలు పెడితే కూలి పోగొట్టుకుని ఎవరు రాగలరు? సాయంత్రం పెట్టించండి.

ఆ పుస్తకం దాచి ఉంచాను. రమ్మంటే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి