ఇకపై మా దుకాణంలో పదేళ్లు దాటిన బండ్లే ఎక్కువగా ఉండడానికి కారణం

ఖమ్మంలో పాత ద్విచక్ర వాహనాలు కొని అమ్మే మా ఆటో కన్సల్టెన్సీలో బండి కొన్నవారికీ, మాకు బండి అమ్మినవారికీ నమస్కారం. ముందు వరుసలో కొత్తగా మెరిసే బండ్లు ఎందుకు తగ్గిపోయాయని ఇటీవల చాలామంది అడుగుతున్నారు. రెండు మూడేళ్లు మాత్రమే తిరిగిన బండ్లను కొనడం మేము దాదాపు మానేశాము. పది నుంచి పధ్నాలుగేళ్ల నాటి స్ప్లెండర్లు, ప్యాషన్లు, షైన్లు, యూనికార్న్‌లు, బాగా చూసుకున్న కొన్ని పల్సర్ 150లు మాత్రమే తీసుకుంటున్నాము. ఈ నిర్ణయం వెనుక ఉన్న లెక్కనూ, మా వల్ల జరిగిన పొరపాట్లనూ దాచకుండా మీకు చెప్పవలసిన బాధ్యత మాకుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 65,000 రూపాయలు ఉండే బండి అంతకుముందు 83,200కు వచ్చేది, ఆ తర్వాత 76,700కు వస్తోంది. కొత్త బండే 6,500 తగ్గినప్పుడు మూడేళ్ల పాత బండిని మునుపటి ధరకు అమ్మడం న్యాయం కాదు. అయినా అంతకుముందు ఎక్కువ ధర పెట్టి కొన్న బండ్లు చేతిలో ఉండడం వల్ల దసరా రోజుల్లో కొన్నింటిని పాత రేట్లకే అమ్మాము. అది తప్పు. అప్పుడు కొన్న ఏడుగురికి తలా 4,000 రూపాయలు తిరిగి ఇచ్చాము. ఆ రోజుల్లో మూడేళ్ల లోపు బండి కొన్నవారు ఇంకెవరైనా మిగిలి ఉంటే రసీదు తీసుకుని రావలసిందిగా కోరుతున్నాము.

అసలు లెక్క ఇది. మా దగ్గర మూడేళ్ల స్ప్లెండర్ 60,000 దాకా పలుకుతుంది. దానికి మరికొంత కలిపితే వారంటీతో సహా కొత్తదే వస్తుంది కనుక, ఆ ధరకు పాతది కొనమని మీకు చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. అదే పన్నెండేళ్ల బండి 26,000 నుంచి 30,000 మధ్య దొరుకుతుంది. దాని మీద పెట్టవలసిన ఖర్చంతా పెట్టినా 36,000 దాటదు; రెండేళ్లు వాడి మళ్లీ అమ్మితే ఇరవై వేలకు అటూ ఇటూగా చేతికి వస్తుంది. ధర పడిపోవలసినంతా మొదటి యజమాని చేతిలోనే పడిపోయింది కాబట్టి, ఆ తర్వాత కొన్నవారికి నష్టం తక్కువ.

మోడళ్ల ఎంపికకు కూడా కారణం ఉంది. స్ప్లెండర్ 1994లో వచ్చింది, దాని 97.2 సీసీ ఇంజను మూల రూపం చాలాకాలం మారలేదు కనుక క్లచ్ ప్లేట్ల నుంచి టైమింగ్ చైన్ దాకా ఏ భాగమైనా మధిరలోనో, వైరాలోనో, సత్తుపల్లిలోనో అదే పూట దొరుకుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక దాదాపు బండ్లన్నీ సెన్సార్ల సాయంతో పెట్రోలు కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అవి మంచి బండ్లే. కానీ వాటిలో సెన్సార్ పోతే స్కానర్ ఉన్న వర్క్‌షాప్ కావాలి. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బ్యురేటర్ ఉన్న పాత బండి మొరాయిస్తే ఊళ్లోని మెకానిక్ అరగంటలో విప్పి శుభ్రం చేసి ఇస్తాడు. పొద్దున్నే పాల క్యాన్లు వేసుకుని బయలుదేరే వ్యక్తికి ఆ అరగంట చాలా విలువైనది.

ఇప్పుడు మా రెండో పొరపాటు. పోయిన వర్షాకాలంలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఒక తమ్ముడు మా దగ్గర 125 సీసీ బండి కొన్నాడు. నెల తిరగకముందే ఇంజను ఆయిల్ తినడం, సైలెన్సర్ నుంచి నీలిపొగ రావడం మొదలైంది. విప్పి చూస్తే పిస్టన్ రింగులు అరిగిపోయి, సిలిండర్ లోపలి గోడను తొలిచి సరిచేసే బోర్ పని చేయించవలసిన స్థితిలో ఉంది. ఆ బండి మా దగ్గరికి వచ్చేసరికి బాగా వేడెక్కి ఉంది, వేడి మీద నడిపి చూసి మేము తృప్తిపడ్డాము. చల్లబడ్డ ఇంజనును తెల్లవారుజామున మొదటి కిక్కుకు స్టార్ట్ చేసి చూసి ఉంటే ఆ పొగ అప్పుడే కనిపించేది. ఖర్చంతా మేమే భరించి, పని జరిగిన నాలుగు రోజులూ అతనికి వేరే బండి ఇచ్చాము. అప్పటి నుంచి అమ్మడానికి వచ్చిన ప్రతి బండినీ ఒక రాత్రి దుకాణంలో ఉంచి, తెల్లవారాక చల్లని ఇంజనుతో చూసిన తర్వాతే ధర మాట్లాడుతున్నాము. దీనివల్ల కొందరు అమ్మకందారులు వేరే దుకాణాలకు వెళ్లిపోతున్నారు. అయినా ఈ పద్ధతి మార్చబోము.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పదేళ్ల నాటి బండ్లలోని రబ్బరు భాగాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలకుండా ఉన్న బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. అందువల్ల అమ్మే ముందు పెట్రోలు పైపు, కార్బ్యురేటర్‌లోని ఓ-రింగులు మార్చి, ట్యాంకు కడిగించి ఇస్తున్నాము. మీరు చేయవలసినదల్లా బండిని వారానికి ఒకసారైనా నడపడం. మైలేజీ కొంచెం తగ్గినట్టు అనిపిస్తే అది ప్రతిసారీ బండి లోపం కాకపోవచ్చు.

కాగితాల విషయంలో మరింత స్పష్టంగా ఉండదలచుకున్నాము. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) మొదట 15 ఏళ్లకు చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి, హరిత పన్ను కూడా కట్టాలి. అంటే 2012లో రిజిస్టరైన ఏపీ 20 నంబరు బండికి ఈ ఖర్చు 2027లో వస్తుంది. ఇకపై ప్రతి బండి ట్యాంకు మీద ఆర్‌సీ గడువు ముగిసే నెల రాసిన చీటీ అంటించి ఉంటుంది. గడువు రెండేళ్ల లోపే ఉంటే పొడిగింపుకయ్యే మొత్తాన్ని ధరలోనే తగ్గిస్తాము. విజయవాడ వైపు నుంచి వచ్చే ఏపీ 16 బండ్లు చవకగా దొరుకుతాయి కానీ, వాటికి ఎన్‌ఓసీ (అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవడంతో పాటు ఇక్కడ జీవితకాల పన్ను కట్టవలసి వస్తుంది కనుక వాటిని తీసుకోవడం మానేశాము.

మాకు బండి అమ్మినవారికి ఒక మాట. బండిని వేరొకరి పేరుకు మార్చడానికి వాడే ఫారం 29, 30లను ఖాళీగా ఉంచి వాటి మీద సంతకాలు పెట్టించుకుని కొత్త యజమాని దొరికేదాకా అలాగే ఉంచే ఓపెన్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిని మా వ్యాపారంలో అందరిలాగే మేమూ పాటించాము. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు అమ్మేసిన బండితో ఎవరైనా ప్రమాదం చేస్తే పరిహారం కేసు మీ ఇంటికి వస్తుంది. ఇక నుంచి పేరు మారనిదే మా దగ్గర బండి తాళం చేతులు మారదు. గతంలో మాకు అమ్మినవారు తమ పాత నంబరు ఎవరి పేరున ఉందో ఒకసారి చూసుకుని, ఇంకా మీ పేరే ఉంటే వెంటనే మాకు తెలపండి. ఆ మార్పు ఖర్చు మాది.

పాత బండి అందరికీ సరిపోదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లోనే. మా దగ్గరున్న పాత 150 సీసీ బండ్లలో అది లేదు. రోజూ రాత్రిపూట సూర్యాపేట రహదారి మీద ప్రయాణించేవారు మరికొంత డబ్బు పోగుచేసుకుని ఏబీఎస్ ఉన్న బండే కొనుక్కోవడం మంచిది. అలాంటివారు వస్తే మా దగ్గర కొనవద్దనే చెబుతున్నాము.

ప్రస్తుతం దుకాణంలో పదకొండు బండ్లు ఉన్నాయి. వాటిలో మూడింటికి కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), చైన్ స్ప్రాకెట్ల పని ఇంకా పూర్తి కాలేదు కనుక వాటి ధర చెప్పము. మిగిలిన ఎనిమిదింటిని చూడదలచినవారు మీ మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఉదయం ఏడు గంటలకు రండి, మీరు వచ్చేదాకా ఏ బండినీ స్టార్ట్ చేయము.