ఎస్‌హెచ్ గ్రేడ్ పేరుతో వచ్చిన మామూలు అయస్కాంతాల గురించి ఫిర్యాదు

అంబత్తూరు, చెన్నై
12 జూన్ 2024

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

నమస్కారం. మార్చిలో మీ దగ్గర 200 నియోడిమియం అయస్కాంత బిళ్ళలు కొన్నాను. ఆర్డర్‌లో ఎస్‌హెచ్ గ్రేడ్ (ఎక్కువ వేడిని తట్టుకునే రకం) అని, పక్కనే 150 డిగ్రీలు అని కూడా రాశాను. మీ బిల్లులోనూ అదే ఉంది. వాటిని స్టీలు గొట్టాల్లో బిగించి, పల్లీ చిక్కీ చేసే కస్టమర్‌కు ఫిల్టర్‌గా ఇచ్చాం. బెల్లం పాకం 110 డిగ్రీల వేడి మీద ఆ గొట్టాల మధ్య నుంచి పోతుంది. ఇనుప రజను ఏదైనా ఉంటే అక్కడే అతుక్కోవాలి.

మూడో వారం ప్యాకింగ్ దగ్గర మెటల్ డిటెక్టర్ ఒక చిక్కీని పట్టుకుంది. విరిచి చూస్తే పల్లీ బద్దల మధ్య ఇనుప బ్రష్ తీగ ముక్క, గోరు పొడవుంది. డిటెక్టర్ లేకపోతే అది ఏ పిల్లాడి నోట్లోకో వెళ్ళేది. ఆ ముక్క నా చేతిలో పెట్టినప్పుడు నాకు నోట మాట రాలేదు.

మీ సేల్స్ అతను ఫోన్‌లో, "క్యూరీ ఉష్ణోగ్రత 310 డిగ్రీలండీ, 110కి ఏమీ కాదు" అన్నాడు. అయ్యా, 310 దగ్గర అయస్కాంతం ప్రాణమే పోతుంది. జబ్బు పడేది అంతకు చాలా ముందే. మామూలు ఎన్ గ్రేడ్‌కు 80 డిగ్రీలే హద్దు. అది దాటితే లోపల కొన్ని భాగాలు ఎదురు దిక్కుకు తిరిగిపోతాయి. ఆ తిరుగుడును తట్టుకోవడానికే ఎస్‌హెచ్ రకాల్లో తరచు డిస్ప్రోసియం కలుపుతారు, అందుకే ధర ఎక్కువ. ఆ ధర నేను కట్టాను.

"చల్లారితే బలం తిరిగొస్తుంది" అని కూడా అన్నాడు. తిరిగొచ్చేది వేరే. డిగ్రీకి సుమారు 0.11 శాతం చొప్పున తగ్గేది, 30 నుంచి 110కి వెళ్తే 9 శాతం దాకా, చల్లారగానే వచ్చేస్తుంది. దిక్కు తిరిగిన భాగాలు మాత్రం బలమైన క్షేత్రంలో పెట్టి మళ్ళీ అయస్కాంతీకరిస్తే తప్ప రావు.

వెల్డింగ్ వేడి తగిలిందేమో అన్నారు కాబట్టి, డబ్బాలో మిగిలిన కొత్త బిళ్ళలనే పరీక్షించాను. నూనెలో 110 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున అయస్కాంత బలం కొలిచే గాస్‌మీటర్ పెట్టాను. ముందు 3,600 గాస్, తర్వాత 2,700. పోయినేడు మీరే ఇచ్చిన లాట్‌లో మిగిలిన బిళ్ళను కూడా అదే గిన్నెలో వేశాను. అది 3,600 నుంచి 3,580 దగ్గర ఆగింది.

200 బిళ్ళలూ అసలైన ఎస్‌హెచ్ గ్రేడ్‌వి, 150 డిగ్రీల దగ్గర తీసిన డీమాగ్నెటైజేషన్ కర్వ్‌తో (ఆ వేడిలో ఎదురు క్షేత్రాన్ని ఎంతవరకు తట్టుకుంటాయో చూపే గ్రాఫ్‌తో) సహా, పది రోజుల్లో పంపండి. గొట్టాలు కోసి మళ్ళీ వెల్డింగ్ చేయడానికయ్యే ఖర్చు కూడా మీరే భరించాలి. ఈ లాట్ ఇంకెవరికి అమ్మారో వాళ్ళందరికీ ఇవాళే ఫోన్ చేయండి. వాళ్ళ మిషన్లలో ఏ వేడి ఉందో మీకూ నాకూ తెలియదు.

పరీక్షించని 12 బిళ్ళలు సీల్ వేసి ఉంచాను. మీ మనిషిని పంపితే అతని ముందే విప్పుతాను.

ఇట్లు,
వర్క్‌షాప్ యజమాని