ఒక్కొక్కరుగా వెళ్లండి

ఎర్రగుంట్ల,
ఫిబ్రవరి 2.

చిరంజీవి లావణ్యకు నాన్న ఆశీస్సులు.

వచ్చే సెలవులకు నీతో కలిపి మీ ఆఫీసు స్నేహితులు ఎనిమిది మంది, మంచు మీద నడిచే మోటారు బండ్లు ఆ స్నోమొబైళ్ల మీద అమెరికాలో యూటా రాష్ట్రంలోని యూఇంటా పర్వతాలకు వెళ్తున్నారని ఆదివారం ఫోనులో చెప్పావు. ‘సరేనమ్మా’ అన్నాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మంచును నేను జీవితంలో ఒక్కసారి కూడా చూడలేదు; అయితే ఇరవై ఎనిమిదేళ్లు నాపరాతి గనుల్లో మేటుగా పనిచేసినవాణ్ణి కనుక, ఏటవాలులో నిలిచిన బరువు ఎట్లా కదులుతుందో, ఎవరి మీద పడుతుందో కొంత తెలుసు. ఈ నాలుగు రోజులూ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని మంచు చరియల గురించి హెచ్చరికలు ఇచ్చే యూటా అవలాంచ్ సెంటర్ వారి సూచనలు చదివించుకొని, అర్థం చెప్పించుకున్నాను. వింటున్నకొద్దీ మన గని సంగతే వింటున్నట్లు అనిపించింది.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుందని నీకు తెలుసు. రెండు పొరల నడుమ సన్నని మట్టి జీర ఉన్నచోట గడ్డపార మొన దూర్చి ఒత్తితే, అంతవరకు ఉలుకూ పలుకూ లేని బండ చప్పున లేస్తుంది. మంచు కూడా అట్లాగే పొరలుగా పడుతుందట. చలికాలం మొదట్లో కురిసిన పలుచని మంచు చక్కెర పలుకుల మాదిరి ఒకదానికొకటి అంటకుండా అడుగున ఉండిపోతుంది. ఆ తరువాత కురిసినదీ, గాలి ఎత్తి తెచ్చి పోసినదీ దాని మీద గట్టి బండలా పేరుకుంటుంది. పైకి చూస్తే తెల్లగా, నున్నగా, ఏ అపాయమూ లేనట్లే కనబడుతుంది. మనిషితో కలిసి 250 కిలోలు దాటే బండి దాని మీదికి ఎక్కడమంటే గడ్డపార పోటు వేయడమే. మంచు చరియల్లో చిక్కుకున్నవారిలో పదింట తొమ్మిది వంతుల మంది తామో, తమ జట్టులోని మరొకరో కదిలించిన చరియలోనే చిక్కుకున్నారని తెలిసి నేను ఆశ్చర్యపోయాను.

ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోటనే విరిగిపడతాయి. ఆ వాలు కంటికి ఎట్లా ఉంటుందో నీకు కొత్తగా చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు నువ్వు క్యారియరు తెచ్చినప్పుడల్లా చూసిన చెత్తరాతి దిబ్బలు, టిప్పరు కుమ్మరించగా నిలిచినవి, ఇంచుమించు ఆ వాలువే. అంత నిటారుగా కనబడే మంచు గుట్ట మీదికే కాదు, దాని పాదంలోని చదునుకు కూడా పోవద్దు, ఎందుకంటే కింద చదునులో తిరిగినా పైన ఉన్న చరియ తెగి వస్తుందట. కొత్తగా చరియ జారిన ఆనవాలు కనబడినా, బండి కింద ‘దబ్బు’మని మంచు కుంగిన చప్పుడు వినబడినా, బండికి ముందు చక్రాల బదులు ఉండే ఆ స్కీ పలకల దగ్గర నుంచి మంచులో బీటలు పరుగెత్తినా, ఇక ఆ రోజుకు వాలు జోలికి పోకుండా వెనక్కు తిరగండి.

నువ్వు రెండో తరగతి చదువుతున్నప్పుడు జరిగిన ఒక సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఒక కూలీ గడ్డపార చెత్తరాతి దిబ్బ మీద నుంచి జారిపోయింది. దానికోసం దిగిన మనిషి మోకాలి దాకా రాళ్లలో కూరుకుపోయాడు. ఆ క్షణానికి దిబ్బ నిలిచే ఉంది. అతని జతగాడు తల మీది తువ్వాలు తీసి గట్టున పడేసి, చేయి అందించడానికి పైనుంచి పరుగున దిగాడు. ముందు చిన్న రాళ్లు జలజల రాలిన చప్పుడు, ఆ వెంటనే దిబ్బ మొత్తం కదలిక. మొదటివాడు కాలు విరిగి బతికాడు. సాయానికి పోయినవాడు బతకలేదు. గట్టు మీద ఉన్న నేను ‘ఆగు’ అని కేక వేయవలసింది, నోరు పెగల్లేదు. ఆ తువ్వాలు ఈనాటికీ నా కళ్ల ముందు ఉంది.

స్నోమొబైల్ ప్రమాదాల్లోనూ ఇదే తరచుగా జరుగుతుందని తమ్ముడు చదివినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. వాలు మీద ఒకరి బండి మంచులో దిగబడుతుంది, స్నేహితుడు మంచి మనసుతో తన బండిని పైకి తోలుకొని పోతాడు, రెండో బరువు పడేసరికి చరియ తెగుతుంది. కనుక తప్పనిసరై వాలు మీదికి పోవలసి వచ్చినా ఎప్పుడూ ఒక్కరే వెళ్లాలి. తక్కినవారు వాలుకు దూరంగా, జారిన మంచు చేరని పక్కన, అతణ్ణి చూస్తూ నిలవాలి. దిగబడితే తన బండిని తానే తవ్వి తీసుకోవాలి. అది నిర్దయ కాదమ్మా, తవ్వి తీసే చేతులు కింద మిగిలి ఉండడం కోసం.

మంచు కింద పూడుకున్న మనిషిని పది పదిహేను నిమిషాల్లో బయటకు తీస్తే బతికే ఆశ ఎక్కువ; అరగంట దాటితే బాగా తగ్గిపోతుంది. అంతలో హెలికాప్టరు రాదు, మీ ఎనిమిది మందే ఒకరికొకరు దిక్కు. అందుచేత ప్రతి ఒక్కరి ఒంటి మీదా పూడుకున్నవారి జాడ తెలిపే రేడియో పరికరం ట్రాన్సీవరు, వీపు సంచిలో మంచులో గుచ్చి వెతికే పొడుగాటి ప్రోబు కడ్డీ, పార ఉండి తీరాలి. వీటిని బండికి కట్టవద్దు. చరియ బండినీ మనిషినీ చెరొక వైపు విసిరేస్తుంది. ట్రాన్సీవర్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి కనుక ఏ కంపెనీవైనా ఒకదానికొకటి అందుతాయి. సెల్‌ఫోనును మాత్రం వాటికి ఎడంగా పెట్టుకోవాలి. అద్దెకిచ్చేవారు ఇస్తారులే అని ఊరుకోక ముందే అడిగి తెలుసుకో. బయలుదేరే ముందు రోజు ఏ పార్కులోనో ఒక ట్రాన్సీవరును సంచిలో చుట్టి మంచులో పాతి, అందరూ తలా ఒకసారి వెతికి చూడండి.

పెట్రోలు మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు. నువ్వు బండి మీద నుంచి పడితే ఇంజను ఆపే తాడును ఒంటికి తగిలించుకో. ప్రతి మలుపులోనూ వెనుకవారు కనబడేదాకా ఆగండి. అమ్మ పంపిన నూలు చొక్కాలు ఆ రోజుకు లోపల తొడగవద్దు. మన ఎండలకు నూలును మించినది లేదు గానీ, అక్కడ అది చెమటకు తడిసి ఒంటి వేడిని లాగేస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తున్నది మొహమాటం. గనిలో మేటు అన్నవాడు ఒకడు ఉంటాడు, అతను చెప్పినట్లు నడుచుకుంటారు. స్నేహితుల గుంపులో అట్లా ఉండదు. ఇంత దూరం వచ్చి ఆగిపోదామంటే ఏమనుకుంటారో అని ప్రతివారూ నోరు మూసుకుంటారు. ఆ పొద్దున అవలాంచ్ సెంటర్ ఇచ్చే ప్రమాద స్థాయిని ఎనిమిది మందీ కలిసి చదవండి. అయిదు స్థాయిలలో మూడవదాన్ని నడిమిది కదా అని తేలికగా తీసుకోవద్దు, ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ స్థాయి రోజుల్లోనే. ఒక్కరు ‘వద్దు’ అన్నా అందరూ వెనక్కు రావాలని బండ్లు ఎక్కకముందే మాట తీసుకో. ఆ మాట అనవలసిన మనిషివి నువ్వే అయితే, గట్టిగా అను.

అక్కడ సాయంత్రం ఆరు గంటలంటే ఇక్కడ మరునాటి ఉదయం ఆరున్నర. దిగి వచ్చి బండి అప్పగించిన వెంటనే ఫోను చెయ్యి. ఆ రోజు అయిదింటికే లేచి, ఫోను దగ్గర పెట్టుకొని అరుగు మీద కూర్చొని ఉంటాను.

ఇట్లు,
నాన్న.